కోటలో ప్రసాదం పెట్టరు

సంక్రాంతి వెళ్లిపోయింది. అరిసెల డబ్బా అడుగు కనిపిస్తోంది. వచ్చిన చుట్టాలు హైదరాబాదు చేరి ఎవరి ఆఫీసుల్లో వాళ్లు పడ్డారు. ఒక్క ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. పళ్లు తోముకుంటుంటే వినిపిస్తుంది, మిరప చేలో గట్టు మీద నిలబడితే వినిపిస్తుంది, రాత్రి దుప్పటి కప్పుకుంటే దుప్పట్లో దూరి మరీ వినిపిస్తుంది.

“ఇంతకీ ఇక్కడ చూడ్డానికేముంది అన్నగారూ?”

అడిగింది మా తోడల్లుడు. అడిగిన చోటు కొండపల్లి ఖిల్లా. దర్గా దర్వాజా దాటి, గోడల వెంట నడిచి, తానీషా మహలెక్కి, పైనున్న హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి, నాలుగు దిక్కులా నాలుగు ఫోటోలు తీసుకుని, అప్పుడు అడిగాడు. విస్తరి ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తుండుతో మూతి తుడుచుకుంటూ “ఇంతకీ వంటేంటి?” అన్నట్టు.

అడిగినవాడు బావమరిదైతే కసిరేవాణ్ని. తోడల్లుడితో ఆ వెసులుబాటు లేదు. అత్తారింట్లో మనతో సమానమైన హోదా గల పొరుగు రాజ్యం అది. సరిహద్దులో చీమ కదిలినా రెండు రాజధానులకీ కబురు వెళుతుంది. అందుకని నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్న మాటలు ఊరికే ఉండవు కదా, అప్పట్నుంచీ లోపల తిరుగుతున్నాయి. ఇదిగో, ఇప్పుడు మీ నెత్తిన పడుతున్నాయి.

మా ఊరు కీసర. ఈ ముక్క అనగానే హైదరాబాదు వాళ్లు “ఓ, కీసరగుట్ట! రామలింగేశ్వరస్వామి!” అని చేతులు జోడిస్తారు. అది వేరండీ. కిందటి దసరాకి మా తోడల్లుడి కారులోని మ్యాపు కూడా అలాగే పొరబడి, మేడ్చల్ వైపు తిప్పి, గుడి మెట్ల ముందు నిలబెట్టి “మీ గమ్యం చేరుకున్నారు” అంది. ఇక బెజవాడ వాళ్లకి చెబితే “ఓ, టోల్‌గేటు!” అంటారు. దీన్ని కాదనలేం. కంచికచర్లకీ నందిగామకీ మధ్య, మునేరు పక్కన, అరవై ఐదో నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. ఏటా సంక్రాంతి ముందు రోజుల్లో టీవీవాళ్లు మైకు పట్టుకుని మా టోల్‌గేటు దగ్గర నిలబడి కార్ల వరసలు చూపిస్తారు. 2023 జులైలో మునేరు పొంగి పక్కనే ఐతవరం దగ్గర రోడ్డు మీదికొచ్చి, హైదరాబాదు బెజవాడ రాకపోకలు ఆగిపోయినప్పుడు ఇంకోసారి కనిపించాం. కార్లాగితేనే మాకు కీర్తి.

ఇలాంటి ఊరికి చుట్టాలొస్తే ఏదో ఒకటి చూపించాలి. చూపించడానికి మా మెట్టలో తక్కువేం లేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఉంది. వేదాద్రి నరసింహస్వామి ఉన్నాడు. ముక్త్యాల ఉంది. పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి కారద్దంలోంచే కనిపిస్తాడు, దిగక్కర్లేదు. ఇవన్నీ వెనకటి పండగలకి అయిపోయాయి. జగ్గయ్యపేటలో ధనంబోడు మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది గానీ, 1882లో బర్జెస్ దొర తవ్వించాక అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయింది. మా పేటలో చూడాల్సింది చూడాలంటే ఎగ్మూరులో దిగాలి. అందుకని ఈసారి కోట అనుకున్నాం. రెండు కార్లు, రెండు టిఫిన్ క్యారియర్ల పులిహోర, మా ఆవిడ, మరదలు, తోడల్లుడు, ఏడో తరగతి చదివే వాళ్ల అబ్బాయి, మా ఇద్దరి పాలిట మావగారు. ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగితే కొండపల్లి, పైకి చూస్తే ఖిల్లా.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. మన తెలుగువాళ్లకి గుళ్లో ఏం చేయాలో పుట్టుకతో వస్తుంది. చెప్పులు విప్పాలి, కొబ్బరికాయ కొట్టాలి, ప్రదక్షిణ చేయాలి, గంట మోగించాలి, శఠగోపం పెట్టించుకోవాలి, తీర్థం పుచ్చుకుని ఆ చెయ్యి నెత్తికి రాసుకోవాలి, ప్రసాదం దొన్నె పట్టుకుని మండపంలో రెండు నిమిషాలు కూర్చోవాలి. ప్రతి అడుగుకీ ఒక పని ఉంది. అందుకే వెయ్యేళ్ల గుడికెళ్లి ఎవరూ “చూడ్డానికేముంది?” అనరు. అసలు చూడరు కూడా. స్తంభం మీద శిల్పి నెలల తరబడి చెక్కిన నర్తకికి వీపు ఆనించి దద్ధ్యోజనం తింటారు. కోట అలా కాదు. కోటలో చేతులకి పని లేదు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలో తెలీదు, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలీదు. ప్రసాదం పెట్టరు. మా ఆవిడ ఆ ఇబ్బందిలో కాసేపు అటూ ఇటూ చూసి, దర్గా దగ్గర చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. అంతే, ఆవిడ మొహంలో వచ్చిన పని అయిపోయిన తృప్తి కనిపించింది. మిగిలిన కోటంతా ఆవిడకి కార్లకి తిరిగొచ్చే దారి.

చేతులకి పని లేనప్పుడు మనవాడు కోటలో వెతికేది ఒక్కటే. సొరంగం.

ప్రతి కోటకీ ఓ సొరంగం ఉంటుంది. గోల్కొండ నుంచి చార్మినారుకి ఉందంటారు. ఎక్కడైనా నాలుగు గోడలూ ఒక బురుజూ మిగిలి ఉంటే చాలు, ఆ ఊళ్లో కనీసం ఒక పెద్దాయనకి సొరంగం ఎక్కడ మొదలవుతుందో తెలుసు. ఎక్కడ తేలుతుందో ఊరందరికీ తెలుసు. ఎవరూ వెళ్లి రాలేదు. వెళ్లినవాళ్లు ఉన్నారు గానీ రాలేదు. ఒకసారి మేకను వదిలారు, అది రాలేదు. పెళ్లివారు బాజాలతో సహా వెళ్లారు, వాళ్లూ రాలేదు. చివరికి “ప్రమాదమని బ్రిటిష్‌వాళ్లు మూయించేశారు.” మన దేశంలో బ్రిటిష్‌వాళ్లు మూయించిన సొరంగాలు లెక్కేస్తే, వాళ్లు మనల్ని ఏలడానికి తీరిక ఎప్పుడు దొరికిందో అర్థం కాదు.

మహలు మెట్ల మీద కూర్చుని మా మావగారు ఆ సంగతే ఎత్తారు. “ఇక్కణ్నుంచి గోల్కొండకి సొరంగం ఉంది అల్లుడుగారూ. గుర్రం మీద వెళ్లేంత.”

ఆయన నందిగామలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేనూ తోడల్లుడూ మొహమొహాలు చూసుకున్నాం. ఇద్దరిలో ఎవరు ముందు కాదంటే వాడు రెండో అల్లుడవుతాడు. కాకపోతే లెక్కల మాస్టారు కాబట్టి లెక్కల దారిలోనే వెళదామని, చేతిలో ఉన్న పులిహోర కాగితం మీద పెన్ను పెట్టాను.

కొండపల్లి నుంచి గోల్కొండకి 250 కిలోమీటర్లు అనుకుందాం. గుర్రాన్ని వదిలేద్దాం, మనిషి తల వంచకుండా నడవడానికి రెండు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు. మొత్తం పది లక్షల ఘనపు మీటర్ల మట్టి. మా ఊరి ట్రాక్టరు ట్రక్కులో మూడు ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 3,33,333 ట్రక్కులు.

మావగారు కళ్లజోడు సర్దుకుని కాగితం లాక్కున్నారు. ముఖం చిట్లించారు. “తప్పు. తవ్విన మట్టి గుల్లబారుతుంది. పావు వంతు పెరుగుతుంది. అది మీరు కలపలేదు.” ఎర్ర పెన్ను లేదు గానీ, ఉంటే రెండు మార్కులు పోయేవే. పావు వంతు కలిపితే 4,16,666 ట్రక్కులు. ట్రాక్టరుతో కలిపి ఒక్కొక్కటి ఎనిమిది మీటర్లనుకుంటే, ఒకదాని వెనక ఒకటి నిలబెడితే, కన్యాకుమారిలో మొదలైన వరస ఢిల్లీ దాటిపోతుంది. అంత మట్టి ఎక్కడ పోశారు మావయ్యగారూ?

ఆయన చెయ్యెత్తి చుట్టూ ఉన్న కొండల్ని చూపించారు. “ఇవేంటి మరి?”

సరే, తవ్వకం వేగం చూద్దామన్నాను. అటు నుంచి రోజుకి ఐదు మీటర్లు, ఇటు నుంచి ఐదు మీటర్లు. రాయైనా సరే, ఆదివారం సెలవు లేకుండా. ఇరవై ఐదు వేల రోజులు. అరవై ఎనిమిదేళ్లు. ఈ కోట 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్ల నాటిది. వాళ్లు 1360 ప్రాంతంలో గునపం పట్టారనుకున్నా సొరంగం పూర్తయ్యేది 1428లో. కొండవీటి రాజ్యం 1424కే పోయింది. పారిపోయే దారి సిద్ధమయ్యేసరికి పారిపోవడానికి రాజు మిగల్లేదు. పైగా దారిలో మునేరు, పాలేరు, మూసీ మూడూ దాటాలి. మూడింటి కిందా వర్షాకాలం మోటార్లు పెట్టి తోడించాలి.

మావగారు లెక్క మొత్తం సరిచూశారు. “ఇప్పుడు కరెక్టుగా ఉంది,” అన్నారు. నాకు ఊపిరి అందింది. “అయినా సొరంగం ఉంది,” అన్నారు.

ఈ వాదనలో ఊహించనిదొకటి జరిగింది. అప్పటిదాకా ఫోన్లోంచి తల ఎత్తని మా తోడల్లుడు లేచి దగ్గరికొచ్చాడు. “అన్నగారూ, సొరంగంలో టోలుండదు కదా?” అన్నాడు. ఆ రోజు మొత్తంలో అతని కళ్లలో వెలుగు కనిపించింది అప్పుడొక్కసారే. హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చేసరికి ఫాస్టాగ్ నుంచి ఎన్ని మెసేజీలు వస్తాయో వరసగా అప్పజెప్పాడు. గుర్రం పట్టే సొరంగంలో చిన్న కారు పట్టదా అని అడిగాడు. ఎదురుగా బండొస్తే ఏం చేయాలో కూడా ఆలోచించాడు. పద్దెనిమిది కిలోమీటర్లకొకచోట వెడల్పు చేయాలట.

టోలు అంటే గుర్తొచ్చింది, కోటకన్నా సుంకమే పాతది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడ వర్తకుల సరుకుకి ముప్పైయింటికి ఒకటి మాత్రమే సుంకం, అంతకుమించి ముట్టుకోమని మాటిచ్చాడు. ఆనాటికి కొండపల్లిలో ఈ కోటే లేదు. తర్వాత గోల్కొండ సుల్తానుల కాలంలో వజ్రాలూ బట్టలూ మచిలీపట్నం రేవుకి నడిచిన దారి మా మెట్ట మీదుగానే పోయింది. దారి పక్క కొండ ఎక్కి కూర్చున్నవాడికి దారిలో పోయేవాడి మూటలు కనిపిస్తాయి. కోట కొండ మీదే ఎందుకు కట్టారని పిల్లాడు అడిగితే ఈ ముక్కే చెప్పాను. “అంటే మీ ఊరు కూడా కోటేనా పెదనాన్నా?” అన్నాడు. వాడు పైకొస్తాడు.

సొరంగం మీద నా చివరి అస్త్రం ఒకటుంది, అది కూడా ప్రయోగించి ముగిస్తాను. 1687లో ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించాడు. చివరికి గోడ పగల్లేదు, లోపలివాడు లంచం తిని తలుపు తీశాడు. తానీషా దొరికిపోయి దౌలతాబాదు చెరలో పోయాడు. గోల్కొండలో కూర్చున్న మనిషికి కాళ్ల కింద కొండపల్లి సొరంగం ఉంటే ఎందుకు దొరుకుతాడు? మావగారు ఆలోచించారు. అంతకుముందు 1515 తర్వాత శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచి కొండపల్లి మీదికొచ్చినప్పుడు, ఒరిస్సా గజపతి రాణుల్లో ఒకరూ ఒక కొడుకూ ఇక్కడే చిక్కారని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. రాణీగారైనా సొరంగంలోంచి వెళ్లొచ్చు కదా?

“తాళంచెవి దొరికుండదు,” అన్నారు మావగారు.

ఇక మాట్లాడలేదు. ఈ కోటకి గోల్కొండ దర్వాజా అనే ద్వారం నిజంగానే ఉంది. కొండకి ఆ చివర, మా జగ్గయ్యపేట వైపు పోయే దారికి. పైన ఎండలో, అందరికీ కనిపించేలా. గోల్కొండ పోవాలంటే రాజులు అందులోంచే నడిచి వెళ్లారు. అది చెబితే ఎవరికీ నచ్చదు.

తోడల్లుడి ప్రశ్నకి వద్దాం. అతని తప్పు కాదంటాను. మొన్నామధ్య ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్ చూసొచ్చాడు. అక్కడ ఏనుగుల బొమ్మలు నిండుగా ఉన్నాయి, గోడ పెచ్చులూడలేదు, సింహాసనం సింహాసనంలాగే ఉంది. అది చూసినవాడికి అసలు కోట ఎవరో సగం కట్టి డబ్బుల్లేక ఆపేసినట్టు కనిపిస్తుంది. “రాజుగారి బెడ్‌రూం ఏది?” అంటాడు. పైకప్పు లేని నాలుగు గోడలు చూపిస్తే మనమేదో దాస్తున్నట్టు చూస్తాడు. ధాన్యపు కొట్టు చూపించాను. గబ్బిలాలు ఉన్నాయన్నాడు. కోనేరు చూపించాను. ఆ నీళ్లు మరీ చల్లన, తాగితే జ్వరమొస్తుందని పూర్వం చెప్పుకునేవారన్నాను. మినరల్ వాటర్ సీసా మూత గట్టిగా బిగించాడు. ఇంగ్లీషువాళ్ల సైనికులు ఉన్న గదులు చూపించాను, సమాధులున్నాయన్నాను. “ఇక్కడికొచ్చి చచ్చిపోయారా పాపం!” అంది మరదలు. కోటలో ఎవరైనా సానుభూతి చూపించిన ఒకే ఒక్క సందర్భం, అదీ ఆక్రమించినవాడి మీద.

కోటలో నిజంగా పని చేసుకుంటున్నది ఇద్దరే. ఒకరు పెళ్లికాబోయే జంట. అమ్మాయి నేలమీద మూడు గజాలు పారే గౌనులో గోడ పక్కన నిలబడితే ఫోటోగ్రాఫరు “మేడమ్, కొంచెం బాధగా దూరంగా చూడండి” అంటున్నాడు. దూరంగా చూస్తే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు. బాధ సహజంగానే వచ్చింది. రెండోవాడు గోడ మీద పేరు రాసుకుంటున్న కుర్రాడు.

ఈ రాతల దగ్గరే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. బొగ్గుతో, ఇటుక ముక్కతో, మేకుతో, స్ప్రే డబ్బాతో. బాణం గుచ్చిన గుండె, అటొక అక్షరం, ఇటొక అక్షరం. కొందరు ఫోన్ నంబరు కూడా వేస్తారు, చరిత్రకారులకి సౌకర్యంగా. ఆరేడు వందల ఏళ్లు ఫిరంగులకి నిలబడ్డ గోడ. ఎవరి పరీక్ష ఫలితాల ముందో, ఎవరి బైకు వాయిదాల మధ్యో పుట్టిన ప్రేమకి పలకైంది. ఆ ప్రేమ కిందికి దిగేలోపు పోయుంటుంది. మేకు గీత పోదు. వేరే ఊళ్లలో పాత కట్టడాల దగ్గర జరిమానా బోర్డులు చూశాను. బోర్డు మీద కూడా గుండె గీసి ఉంది.

దీనికి మన పాత రాజులే మందు చెప్పారు. దానశాసనం వేయించి ఊరుకునేవారు కాదు. చివర్లో శాపం చెక్కించేవారు. ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడు కాశీలో గోవును చంపిన పాపాన పోతాడు, అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు అని. కాలపరిమితి ఎంత స్పష్టంగా ఉందో చూడండి. జరిమానాకి భయపడనివాడు కూడా అరవై వేల ఏళ్లంటే ఒకసారి ఆగుతాడు. పురుగైనా ఎలాంటి పురుగు, రెక్కలుంటాయా అని కాసేపు ఆలోచిస్తాడు. ఆలోచిస్తున్నంతసేపూ గోడ క్షేమం. బోర్డులు రాయించేవాళ్లు ఈ వ్యాసం చదివితే నా మనవి అదే. నీతి వాక్యాలు వద్దు, శాపాలు పెట్టండి.

చూడ్డానికేముంది అన్నప్పుడు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఒకటుంది. దిగేటప్పుడు పిల్లాడికి చెప్పాను. 1481లో బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. అతని వజీరు మహమూద్ గవాన్ డెబ్బై దాటిన మనిషి, పరాయిదేశం నుంచి వచ్చి ఆ రాజ్యాన్ని నిలబెట్టినవాడు, బీదరులో పెద్ద మదరసా కట్టించినవాడు. గిట్టనివాళ్లు ఆయన ముద్రలు చూసేవాణ్ని లొంగదీసి, ఖాళీ కాగితం మీద గవాన్ ముద్ర వేయించారు. దాని మీద ఒరిస్సా గజపతికి ఉత్తరం రాశారు, మా సుల్తాను మీదికి దండెత్తి రమ్మని. తాగి ఉన్న సుల్తాను గవాన్‌ని పిలిచి చూపించాడు. “ముద్ర నాది, ఉత్తరం నాది కాదు,” అన్నాడాయన. అక్కడికక్కడే తల తీయించారు. తర్వాత ఆయన సొంత ఖజానా తెరిస్తే అందులో పెద్దగా ఏమీ లేదు. ఏడాది తిరక్కుండానే సుల్తానూ పోయాడు. ఆ తర్వాత బహమనీ రాజ్యం అయిదు ముక్కలైంది. అందులో ఒకటి గోల్కొండ.

పిల్లాడు రెండు మెట్లు ఆగాడు. “అంటే ఎడిట్ చేసిన స్క్రీన్‌షాటా పెదనాన్నా?”

అదేరా.

“ఎవరూ చెక్ చేయలేదా?”

చేయలేదు.

వాడు ఇంకేం అడగలేదు. వెనక్కి తిరిగి గోడల వైపు చూశాడు. వాళ్ల నాన్న కారు తాళాలు ఆడిస్తున్నాడు. కింద బొమ్మల కాలనీలో మాత్రం అందరికీ కాళ్లకి బలమొచ్చింది. తెల్లపొణికి కర్రతో చేసిన దశావతారాలు, తాటిచెట్టు, ఎడ్లబండి. కోటలో ఏనుగులు లేవని చిన్నబుచ్చుకున్న మరదలు అంబారీ ఏనుగు కొనుక్కుంది. కోటలో గడిపినంతసేపూ అక్కడ గడిపాం. అక్కడెవరూ ఏముందని అడగలేదు. కొనుక్కోవడమూ ఒక పనే కదా.

మా నాన్న మిరపకాయలు వేసుకునీ, పత్తి వేసుకునీ, ఆస్పత్రికీ, కోర్టుకీ ఆ ఖిల్లా పక్క దారినే బెజవాడ వెళ్లొచ్చాడు. బస్సులో వెళ్లేటప్పుడు ఆ కొండ ఎప్పుడూ ఎడమ చేతి వైపు కనిపించేది. చిన్నప్పుడు ఒకసారి పైన ఏముంటుంది నాన్నా అని అడిగాను. “ఖిల్లా,” అన్నాడు. ఖిల్లాలో ఏముంటుంది? “ఏముంటాయి, గోడలుంటాయి.” ఆయన ఎన్నడూ ఎక్కలేదు. ఎక్కాలని లేక కాదనుకుంటాను. ఊరికే చూడ్డానికని ఒక రోజూ, ఒక బస్సు టిక్కెట్టూ ఖర్చు పెట్టొచ్చన్న ఆలోచన ఆ మనిషి దాకా రాలేదు. మా పేటలోనూ నందిగామలోనూ ఇప్పటికీ అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. కొండ కనిపిస్తూనే ఉంటుంది, బస్సు ఆగదు. ఆయన నోట ఆ మాట వింటే నాకెప్పుడూ కోపం రాలేదు. ఒక రోజూ, కారూ, పెట్రోలూ అన్నీ ఉన్న మనిషి పైదాకా ఎక్కి అదే మాట అంటేనే ఇదిగో, ఇంత వ్యాసమైంది.

మీరు రాదలుచుకుంటే ఫిబ్రవరి దాటకముందే రండి. మార్చి నుంచి మా వైపు ఎండల సంగతి మీకు తెలిసిందే, పేపర్లో నందిగామ పేరు ఊరికే పడదు. మంచినీళ్లు తెచ్చుకోండి, తెచ్చిన సీసాలు మళ్లీ కిందికి తీసుకుపోండి. పిల్లల్ని తీసుకురండి, పెద్దలకి ఏం చెప్పినా లాభం లేదు. బొగ్గు ముక్కలు ఇంట్లో వదిలి రండి, పురుగు జన్మ సంగతి చెప్పాను కదా. మహలు మెట్ల మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఎవరైనా కనిపించి సొరంగం చూపిస్తానంటే దణ్ణం పెట్టి ముందుకు నడవండి. సొరంగం లేదు.